మడత మీది కొంగు

కోరుట్లలోనో జగిత్యాలలోనో బట్టల దుకాణపు మెట్లెక్కి, చెప్పులు విడిచి, తెల్లని దుప్పటి పఱచిన పరుపు అంచున పెండ్లివారు కూర్చుండగనే సేటు వారి యెదుట ఒక మడతను విసరును. అయిదున్నర మీటర్ల నేతలో కొంగును అంచును పైకి వచ్చునట్లు, తక్కినదంతయు లోపలికి పోవునట్లు మడిచిన ఆ జానెడు బట్టను చూచియే మా మేడిపల్లి ఆడువారు ‘ఇప్పు’ అనియో, ‘పక్కకు వెట్టు’ అనియో తీర్పు చెప్పుదురు. చీర నేసినవాని పేరు, నూలు వచ్చిన ఊరు, దుకాణము పెట్టిన తాత ఛాయాపటము మొదలగునవి ఆ మడతమీద నుండవు. తాతగారు గోడమీద నుండును. బిల్లు చెల్లించి లేచునప్పుడు, మనసున్నవారు, తలయెత్తి చూతురు.

ఈ సంగతి నాకిప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు మా మేనల్లుడు కారణము. సిరిసిల్ల చీరలను ఆన్‌లైన్‌లో అమ్మదలచి వాడొక దుకాణమును కట్టి, ‘మామా, హోం పేజీ ఎట్లున్నదో సూడు’ అని ఫోను నా చేతికిచ్చెను. మొదట ఒక మగ్గపు బొమ్మ, దానిమీద నాలుగు వరుసల స్వాగతవాక్యము కనబడినవి; రెండవ వరుస చదువుచుండగనే ఆ బొమ్మ జారిపోయి, శాలువలు కప్పుకొన్న పెద్దమనుషుల ఫొటో వచ్చెను; అదియు నిలువలేదు. బొటనవ్రేలితో నాలుగుసార్లు పైకి త్రోయగా గాని తొలి చీర దర్శనము కాలేదు. ధర తెలియుటకు దానిమీద మరల నొక్కవలెనట!

వాని తప్పును వానిమీదనే మోపుట న్యాయము కాదు. సాంచాల, అనగా మరమగ్గముల, చప్పుడుతో తెల్లవాఱు సిరిసిల్లలో 2017 నుండి కొన్నేండ్లపాటు బతుకమ్మ చీరలు లక్షలకొలదిగ తయారైనవి. వాటిని కొన్నది ప్రభుత్వమొక్కటే. కొనువాడు ఒక్కడే యైనచోట హోం పేజీ వంటి వాకిలి తీర్చవలసిన పని యేమున్నది? అయినను, మడత విద్య ఆ ఊరికి కొత్త గాదు. అగ్గిపెట్టెలో ఇమిడిపోవు చీరను నేసి పేరుగాంచిన నల్ల పరంధాములు ఆ ఊరివాడే.

చిన్న చోటున పెద్ద దుకాణమును చూపు యత్నము అంతర్జాలముకంటె పాతది. అమెరికాలో మాంట్‌గోమరీ వార్డ్ 1872లో పల్లెటూళ్ళ రైతులకు తపాలా ద్వారా సరకులమ్ముటకు పూనుకొన్నప్పుడు, అతని తొలి జాబితా ఒక్క కాగితము మాత్రమే. పత్రికలవారు సైతము, అంగడిలో పత్రిక సగమునకు మడిచియుండును గనుక, అమ్ముడుపోవలసిన వార్తను మడతకు పైభాగముననే వేయుచుండిరి. వెబ్ పేజీలు తీర్చువారు నేటికిని ‘మడతకు పైన’ అను మాటనే వాడుచున్నారు. 1979లో ఇంగ్లండున మైఖేల్ ఆల్డ్రిచ్ టెలివిజన్‌ను టెలిఫోన్ తీగతో కలిపి ఆన్‌లైన్ కొనుగోలునకు దారి తీసెను. 1984లో గేట్స్‌హెడ్ పట్టణమందలి 72 ఏండ్ల వృద్ధురాలొకతె, ఇంటి టీవీ యెదుట కూర్చుండి, గ్రుడ్లు, మార్జరీన్, కార్న్‌ఫ్లేక్స్ తెప్పించుకొనెను. ఆమెకు కనబడినవి కొన్ని అక్షరముల వరుసలే. పని జరిగెను.

ఆడంబరము తరువాత వచ్చినది. 1999 నవంబరులో లండను కేంద్రముగ తెఱచిన బూ డాట్ కామ్ అను దుస్తుల దుకాణమునందు బట్టలను త్రిప్పి త్రిప్పి చూచు సదుపాయము, మాటలాడి సలహాలిచ్చు ‘మిస్ బూ’ అను బొమ్మ వనిత, ఇంకను ఎన్నియో వింతలుండెను. కాని నాటి గృహములలో ఎక్కువ భాగము టెలిఫోన్ మోడెములమీద ఆధారపడి యుండుటచే, ఆ వనిత ముఖము పూర్తిగ తెఱమీదికి వచ్చులోపల కొనవచ్చినవాడు లేచి పోవుచుండెను. పదమూడు కోట్ల డాలర్లకు పైబడిన పెట్టుబడి వ్యయమై, 2000 మే నెలలో ఆ దుకాణము మూతపడెను. కొనవచ్చినవానిని వాకిట నిలిపి బొమ్మలాట చూపిన ఫలితమది.

మన ప్రక్క జిల్లా నిజామాబాదువాడైన సామ ఫణీంద్ర కథ దీనికి సరిగా ఎదురు. 2005 దీపావళికి బెంగళూరునుండి ఇంటికి రాదలచి, ట్రావెల్ ఏజెంట్ల గుమ్మము లెక్కి దిగి, ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలినవో ఏ ఒక్క ఏజెంటుకును పూర్తిగ తెలియదని గ్రహించి, పండుగనాడు అక్కడనే చిక్కుబడిన ఆ యువకుడు, బిట్స్ పిలానీ సహాధ్యాయులైన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో గూడి 2006లో రెడ్‌బస్‌ను ఆరంభించెను. అక్కడ అమ్మబడునది సీటు. దాని వాకిట అడుగబడు ప్రశ్నలు మూడు: ఎక్కడినుండి, ఎక్కడికి, ఏ రోజు. బస్టాండులో విచారణ కిటికీముందు నిలిచిన ఏ ముసలవ్వయైనను చెప్పు మాటలు ఆ మూడే గదా! తదుపరి, బస్సును పైనుండి చూచినట్లు సీట్ల పటము తెఱమీద పఱచుకొనును. కిటికీ ప్రక్కదో, మెట్ల దగ్గరదో ప్రయాణికుడు తానే వ్రేలుపెట్టి యెన్నుకొనును. దుకాణదారుని గొప్పతనమును గూర్చిన మాట ఆ మూడు గడులలో ఎక్కడను లేదు. నా మటుకు నాకు, తెలుగువారు తీర్చిన వాకిళ్ళలో ఇంత పొదుపైనది మరియొకటి కనబడలేదు.

ఫ్లిప్‌కార్ట్ తొలి గ్రాహకుడును తెలుగువాడే. 2007లో మహబూబ్‌నగర్ యువకుడొకడు జాన్ వుడ్ వ్రాసిన పుస్తకమును కోరగా, దుకాణదారులు బెంగళూరు పుస్తకశాలలన్నియు గాలించి పంపిరి. వెనుక గదిలో లేని సరకును వాకిట చూపుటలోని అవస్థ యది! మింత్రా సంగతి మఱియు విచిత్రము: 2015 మేలో వెబ్‌సైటును మూసివేసి, ఫోను యాప్‌లోనే కొనుడనెను; ఏడాది దాటగనే, 2016 జూనులో, మూసిన తలుపును తానే తెఱచెను.

వాకిటి భాష మాట యొకటి మిగిలియున్నది. 2020 జూనులో ఫ్లిప్‌కార్ట్, సెప్టెంబరులో అమెజాన్ తెలుగును చేర్చినవి. ఆలస్యమేమో గాని, మేలే. అయితే తెలుగు దుకాణమున తెలుగు ఏది అన్నది చిక్కు ప్రశ్న. ‘డెలివరీ’ అనిన మా ఊరిలో చిన్నపిల్లవానికిని తెలియును. దానిని ‘బట్వాడా’ యని మార్చినచో, గ్రాంథికప్రియుడనగు నేను సంతోషింతును గాని, దుబాయిలో పని విరామమున ఫోను పట్టి, పండుగకు అమ్మకు చీర పంపదలచిన మా జగిత్యాల పిల్లవాడు ఒక క్షణమాగి ఆలోచించును. కనుక నా పక్షపాతమును ఉపసంహరించుకొంటిని.

జారిపోవు బొమ్మల విషయమున మేనల్లుడు తేలికగ లొంగలేదు. ‘అందరు గట్లనే వెడ్తున్నరు మామా’ అనెను. అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయపు హోం పేజీలో అట్టి బొమ్మల వరుసను కొన్నేండ్ల క్రిందట లెక్కించి చూడగా, వచ్చినవారిలో దానిమీద నొక్కినది నూటికి ఒక్కరనియు, ఆ ఒక్కరును దాదాపుగ మొదటి బొమ్మనే నొక్కిరనియు తేలినది చెప్పితిని. నమ్మలేదు. కోరుట్లకు తీసికొనిపోయి, ఒక మధ్యాహ్నమంతయు బట్టల దుకాణమున మూల కూర్చుండబెట్టితిని. సేటు ఎన్ని చీరలు విసరెనో, ఎన్ని విప్పెనో వాడు ఫోనులో లెక్క వ్రాసికొనెను గాని, నాకు చూపలేదు.

మఱునాడు వాడు చీరను పూర్తిగ పఱచి ఫొటో తీయబోవుచుండగా మా అక్క వంటింటినుండి చేయి తుడుచుకొనుచు వచ్చి, ‘గట్ల గాదురా’ అని చీరను లాగికొని, కొంగు పైకి తెచ్చి, అంచు ముందుకు తిప్పి, అరచేతితో రెండుమార్లు ఒత్తి పీటమీద నుంచెను. ఫొటో తీసి వాడు పేజీలో పెట్టెను. శాలువల పెద్దమనుషులు అడుగునకు దిగిరి. అక్క ఫోను దూరముగ పట్టి, కండ్లు చికిలించి చూచి అనెను: ‘మంచిగనే ఉన్నది గని, ధర ఏది? ధర సూపకుంటె ఎవలు కొంటరు?’