వరి పొట్టు, రెండు సీసాలు

కుందూ ఒడ్డున ఉయ్యాలవాడ వైపు కోతల కాలంలో కంట్లో నలక పడటం మామూలే. వరి పొట్టో, జొన్నాకు అంచో నల్లగుడ్డును గీరుతుంది. "ఏం కాదులే మామా, రెండు చుక్కలు ఆముదం పోసుకో" అంటారు పక్క చేలోవాళ్లు. తగ్గకపోతే మందుల షాపుకు పోతారు. అక్కడ ఎరుపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు ఇస్తే ఒకట్రెండు రోజులు హాయిగానే ఉంటుంది. గీతలోంచి లోపలికి దూరింది బూజైతే మాత్రం ఆ చుక్కలే దానికి ఎరువు.

ఇలాంటి కళ్లతోనే 2010లో రోగులు మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి వచ్చారు. వాళ్లలో చాలామంది సేద్యం చేసుకునేవాళ్లు. గడ్డం ఆనించి కూర్చున్న మనిషి కంట్లో మత్తు చుక్క వేసి, సన్నని బ్లేడుతో పుండు అంచు గీరతారు. గీరినదాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు చాచిన దారాలు. బూజే!

ఏ మందు వేయాలి? నాటమైసిన్ పాతది, కంటి లోతుకు సరిగా ఇంకదని దానికి పేరు. వోరికొనజోల్ కొత్తది, లోపలిదాకా పోతుంది. కొత్తదే గెలుస్తుందని చాలామంది నమ్మకం. డాక్టర్ వెంకటేశ్ ప్రజ్ఞ బృందం అమెరికాలోని ప్రాక్టర్ ఫౌండేషన్‌తో కలిసి ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 323 మందికి చీటీ తీసినట్టు ఏదో ఒక మందు వంతు వేశారు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క, వారం పాటు. ఆపైన మూడు వారాలు నిండేదాకా రెండు గంటలకోసారి. కూలి మానుకుని, మండే కంట్లో పేరు తెలియని మందు అన్నిసార్లు వేయించుకున్న ఆ మనుషులకు మనం రుణపడి ఉన్నాం. వాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు.

2013లో ఫలితం అచ్చయింది. గెలిచింది పాత మందు. ఫ్యుసేరియం అనే బూజు పట్టిన కళ్లలో తేడా మరీ ఎక్కువ: మూడు నెలలకు నాటమైసిన్ వేసుకున్నవాళ్లు అక్షరాల బోర్డు మీద సగటున నాలుగు వరుసలు అదనంగా చదవగలిగారు. గుడ్డుకు చిల్లు పడటం, గుడ్డు పొర మార్చాల్సి రావడం కూడా వాళ్లలో తక్కువే.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాటమైసిన్ చుక్కలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.