మడత చాకు

మడత చాకు అనగా కోసే భాగం పిడిలోనికి మడుచుకొనే చిన్న కత్తి. జేబులో పెట్టుకొని తిరుగుటకు వీలుగా ఉంటుంది కనుక దీనిని జేబు కత్తి అని కూడా అంటారు. పండ్లు కోయుట, పురికొసలు తెంచుట, పార్సిళ్ళు విప్పుట, పెన్సిళ్ళు చెక్కుట, మొక్కలకు అంటు కట్టుట వంటి పనులకు ఇది ఉపయోగపడుతుంది. ఒర అవసరం లేకపోవడం దీనిలోని సౌలభ్యం. మడత ఉన్నచోట బలం తక్కువగా ఉండటం దీనిలోని లోపం.

మంచి మడత చాకు ఖరీదైనదే కానవసరం లేదు. రైతులు, కూలీలు, బడిపిల్లలు నూరేళ్ళకు పైగా వాడుతూ వచ్చిన కొన్ని చౌక చాకులు నేటికీ తయారవుతున్నాయి. అయితే తక్కువ ధరలో చాకును ఎంచుకొనేవారు మూడు విషయాలు చూడవలెను: కోసే భాగపు ఉక్కు, తెరిచిన చాకు మూసుకుపోకుండా నిలిచే విధానం, ఆ ప్రాంతంలో అమలులో ఉన్న చట్టం. మొదటిది చాకు పనితనానికి, రెండవది వేళ్ళ భద్రతకు, మూడవది వెంట ఉంచుకొనే హక్కుకు సంబంధించినవి.

పేరు

చాకు అనే మాట పారసీక భాష నుండి హిందూస్తానీ ద్వారా తెలుగులోనికి వచ్చినది. ఆంగ్లంలో దీనికి గల పెన్‌నైఫ్ అనే పేరు, పక్షి ఈకలతో చేసిన కలాలను చెక్కుటకు చిన్న కత్తులు వాడిన కాలం నాటిది. ఉక్కు పాళీలు వచ్చిన తరువాత ఆ పని పోయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

చరిత్ర

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ వద్ద ఎముక పిడి గల మడత కత్తి ఒకటి లభించింది. అది క్రీ.పూ. 600–500 నాటిదని భావిస్తున్నారు. రోమనులు కూడా మడత కత్తులు వాడారు. కత్తితో పాటు చెంచా, ముళ్ళ చెంచా మొదలైనవి ఒకే పిడికి అమర్చిన రోమను కాలపు వెండి పరికరం ఒకటి కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో కలదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డు నగరం చౌక మడత చాకులకు పేరు పొందింది.

19వ శతాబ్దం చివరి భాగంలో చౌక చాకుల చరిత్రలో ముఖ్యమైన మూడు రకాలు కొద్ది సంవత్సరాల తేడాతో పుట్టాయి. అవి ఫ్రాన్సులోని ఒపినెల్ (1890), స్విట్జర్లాండు సైనికుల చాకు (1891), జపానులోని హిగోనోకామి (1890ల మధ్యకాలం). 1960లలో అమెరికాకు చెందిన బక్ సంస్థ తయారు చేసిన 110వ నమూనా వలన వెన్ను తాళం ప్రసిద్ధి చెందింది. 1981లో స్పైడర్కో సంస్థ ఒక చేతితో తెరుచుటకు గుండ్రని రంధ్రం, జేబు అంచుకు తగిలించుటకు క్లిప్పు గల చాకును విడుదల చేసింది. నేటి చాకులలో చాలావరకు ఈ క్లిప్పు కనిపిస్తుంది.

భాగాలు

చాకులో కోసే లోహపు భాగాన్ని అలుగు అంటారు. అలుగుకు పదును ఉన్న అంచు వాదర, దానికి ఎదుటి మందమైన అంచు వెన్ను, చివరి కొస మొన. అలుగును పిడితో కలిపే చీల ఇరుసు. అలుగు ఈ ఇరుసు మీదనే తిరుగుతుంది. గోరు ఆనించి తెరుచుటకు వెన్ను పక్కన చిన్న గాడి ఉంటుంది. భాగాలు ఎంత తక్కువైతే తయారీ ఖర్చు అంత తగ్గుతుంది, చెడిపోయే అవకాశమూ తగ్గుతుంది. చౌక చాకులలో చిరకాలం నిలిచినవి చాలావరకు నాలుగైదు భాగాలకు మించనివే.

అలుగు నిలిచే విధానాలు

చాకు వలన కలిగే ప్రమాదాలలో ముఖ్యమైనది, పని మధ్యలో అలుగు వెనుకకు మడుచుకొని వేళ్ళపై పడటం. దీనిని నివారించుటకు పలు విధానాలు కలవు.

* రాపిడి పట్టు: ఇరుసు బిగువు, చేతి ఒత్తిడి మాత్రమే అలుగును నిలుపుతాయి. ఉదాహరణ హిగోనోకామి.
* స్ప్రింగు పట్టు: పిడి వెన్నులోని స్ప్రింగు పట్టీ అలుగును ఒత్తి ఉంచుతుంది. గట్టిగా నెట్టితే అలుగు మడుచుకుంటుంది. ఉదాహరణ స్విస్ చాకు.
* ఉంగరపు తాళం: ఇరుసు వద్ద గల లోహపు ఉంగరాన్ని చేతితో తిప్పగా అది అలుగుకు అడ్డుపడుతుంది. ఉదాహరణ ఒపినెల్.
* వెన్ను తాళం: పిడి వెన్నులోని మీట అలుగు గాడిలో పడి బిగుసుకుంటుంది. మీటను నొక్కితేనే మూసుకుంటుంది.
* పలక తాళం: పిడి లోపలి పలుచని లోహపు పలక పక్కకు వంగి అలుగు అడుగున ఆనుతుంది. 1980ల తరువాత ఎక్కువగా వ్యాపించింది.

తాళం ఉన్నంత మాత్రాన చాకు సురక్షితమని చెప్పలేము. మరీ చౌకగా చేసిన పలక తాళంలో పలక అలుగుకు సరిగా ఆనకపోతే ఒత్తిడికి జారిపోతుంది. తాళం ఉన్నదన్న ధైర్యంతో గట్టిగా నొక్కేవారికి ఇది మరింత ప్రమాదకరం. తాళం లేని చాకును ఆ సంగతి తెలిసి వాడటమే దీనికంటే మేలు.

అలుగు ఉక్కు

చాకులలో వాడే ఉక్కు ప్రధానంగా రెండు రకాలు. కార్బన్ ఉక్కు సులభంగా పదును పట్టుతుంది, కాని తుప్పు పడుతుంది. ఇనుప కత్తిపీటతో మామిడికాయ తరిగినప్పుడు అది నల్లబడినట్లే ఈ అలుగు కూడా పులుపు తగిలితే నల్లబడుతుంది. తుప్పు పట్టని ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ రూపొందించిన ఉక్కు ఈ రకానికి చెందినది. తడిలో, వంటింటిలో వాడేవారికి ఇది అనుకూలం.

చౌక చాకులలో తరచుగా కనిపించే తుప్పు పట్టని ఉక్కులలో స్వీడన్ మూలం గల 12సి27 ఒకటి. దీనిలో సుమారు 0.6 శాతం కార్బన్, 13.5 శాతం క్రోమియం ఉంటాయి. చైనాలో తయారయ్యే 8సిఆర్13ఎంఒవి ఉక్కులో సుమారు 0.8 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం ఉంటాయి. ఏ ఉక్కు అనేది పేర్కొనక కేవలం స్టెయిన్‌లెస్ అని మాత్రమే ముద్రించిన చాకులో ఏమి వాడారో తెలియదు.

ఉక్కు పేరు కంటే దానిని కాచి చల్లార్చిన తీరు ముఖ్యమైనది. మంచి ఉక్కు అయినా సరిగా కాచకపోతే పదును నిలవదు. ఎక్కువ గట్టిపడితే వాదర పెచ్చులూడుతుంది. గట్టిదనాన్ని రాక్‌వెల్ సి కొలమానంలో చెబుతారు. చౌక చాకులలో ఇది సాధారణంగా 54 నుండి 58 వరకు ఉంటుంది.

ప్రసిద్ధ చౌక చాకులు

ఒపినెల్: ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతంలో పనిముట్లు చేసే కుటుంబానికి చెందిన జోసెఫ్ ఒపినెల్ 1890లో దీనిని రూపొందించాడు. 1897 నాటికి 1 నుండి 12 వరకు అంకెలతో పన్నెండు పరిమాణాలు ఏర్పడ్డాయి. తరువాత 1, 11 నిలిపివేయబడ్డాయి. ఉంగరపు తాళం 1955లో చేర్చబడింది. ఇది 6వ సంఖ్య, ఆపై చాకులకు ఉంటుంది. ఎక్కువమంది వాడే 8వ సంఖ్య అలుగు పొడవు 8.5 సెంటీమీటర్లు. పిడి సాధారణంగా బీచ్ కర్రతో చేస్తారు. తడిసినప్పుడు కర్ర ఉబ్బి అలుగు తెరుచుకొనదు. అప్పుడు పిడి అడుగు భాగాన్ని బల్లకు తట్టి అలుగును బయటకు రప్పించుట సవాయ్ వాసుల అలవాటు. పిల్లల కొరకు మొన గుండ్రంగా ఉన్న 7వ సంఖ్య చాకు కూడా కలదు.

స్విస్ చాకు: ఇబాఖ్ గ్రామానికి చెందిన కార్ల్ ఎల్సెనర్ 1884లో కర్మశాల స్థాపించి 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించాడు. 1897లో అధికారుల చాకు నమోదైనది. ఈ సంస్థ పేరు విక్టోరినాక్స్. మూసినప్పుడు 58 మిల్లీమీటర్ల పొడవుండే చిన్న రకంలో చాకుతో పాటు కత్తెర, గోరు ఆకురాయి కూడా ఉంటాయి. కాగితాలు, దారాలు, ప్యాకెట్లు కోయుటకే చాకు కావలసినవారికి ఇది సరిపోతుంది.

డుక్-డుక్: ఫ్రాన్సులో కత్తులకు ప్రసిద్ధి చెందిన తియేర్ పట్టణంలో 1929 నుండి తయారవుతున్నది. ఒకే ఇనుప రేకును మడిచి పిడిగా చేస్తారు. అలుగు కార్బన్ ఉక్కు. తాళం లేదు, స్ప్రింగు గట్టిది.

హిగోనోకామి: జపానులోని మికి పట్టణంలో పుట్టినది. రేకు పిడి, ఒక అలుగు, ఒక ఇరుసు తప్ప మరేమీ లేవు. ఒకప్పుడు జపాను బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకొనుటకు దీనినే వాడేవారు. 1960 తరువాత పిల్లల చేతికి కత్తులు ఇవ్వరాదన్న ఉద్యమం వలన దీని వాడకం బాగా తగ్గింది.

భారతదేశంలో ఉత్తర ప్రదేశ్‌లోని రాంపూర్ చాకు పేరుపొందినది. హిందీ చలనచిత్రాలలో దుష్టపాత్రల చేతిలో కనిపించడం వలన దానికి చెడ్డపేరు కూడా వచ్చింది. పొడవైన అలుగు గల ఆ చాకు ఇంటి పనులకు ఉద్దేశించినది కాదు.

ఎంపికలో గమనించవలసినవి

* పొడవు: నిత్య అవసరాలలో చాలావాటికి 6 నుండి 8 సెంటీమీటర్ల అలుగు చాలును. పొడవు పెరిగినకొద్దీ ఉపయోగం పెద్దగా పెరగదు, చట్టపరమైన చిక్కు పెరుగుతుంది.
* మందం: పలుచని అలుగు పండ్లను, అట్టలను తేలికగా కోస్తుంది. మందపు అలుగు చూపులకు బలంగా ఉన్నా ఆపిల్ పండును కోయదు, చీల్చుతుంది.
* కదలిక: తెరిచిన అలుగును పక్కలకు, పైకి కిందికి మెల్లగా కదిపి చూడవలెను. వదులుగా ఊగే చాకును తీసుకొనరాదు.
* తాళం పరీక్ష: వేళ్ళు అలుగు మార్గంలో లేకుండా పిడిని పట్టుకొని వెన్నుపై మెల్లగా ఒత్తవలెను. తాళం జారితే ఆ చాకు పనికిరాదు.
* మూసిన స్థితి: మొన పిడి లోపల పూర్తిగా దాగవలెను. జేబులో అలుగు తనంతట తాను తెరుచుకొనరాదు.
* అలంకారాలు: నల్లరంగు పూత, రంపపు పళ్ళు, అద్దం పగలగొట్టే మొన వంటివి తక్కువ ధర చాకులో ఉంటే, వాటికి పెట్టిన ఖర్చు ఉక్కులో, ఇరుసులో తగ్గించి ఉండే అవకాశం కలదు.

ఒపినెల్ వంటి విదేశీ చాకు పుట్టిన దేశంలో చౌకైనా, దిగుమతి సుంకం, రవాణా ఖర్చుల వలన భారతదేశంలో అంత చౌక కాకపోవచ్చును. అందువలన పేరును బట్టి కాక పై లక్షణాలను బట్టి చేతికి తీసుకొని చూసి కొనుట మంచిది.

పదును, సంరక్షణ

మొద్దుబారిన చాకు పదునైన చాకు కంటే ప్రమాదకరం. దానిని గట్టిగా నొక్కవలసి వస్తుంది, నొక్కినప్పుడు జారుతుంది. సానరాయిపై అలుగును సుమారు 15 నుండి 20 డిగ్రీల కోణంలో ఉంచి రెండు వైపులా సమానంగా నూరవలెను. ముందు గరుకు వైపు, తరువాత నునుపు వైపు వాడవలెను. కార్బన్ ఉక్కు చాకును వాడిన వెంటనే తుడిచి ఆరబెట్టి పలుచగా నూనె రాయవలెను. ఇరుసు వద్ద ఒక చుక్క నూనె చాలును. అలుగును మేకులు పెరుకుటకు, డబ్బా మూతలు ఎత్తుటకు వాడితే మొన విరుగుతుంది.

చట్టం

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం క్రింద రూపొందిన 2016 నియమాల ప్రకారం, 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగు గల కత్తులు ఆయుధాల జాబితాలోనికి వస్తాయి. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి ఇందులో మినహాయింపు కలదు. సాధారణ మడత చాకు ఈ కొలతలకు చాలా లోపలే ఉంటుంది. అయితే కొన్ని ప్రాంతాలకు ప్రత్యేక ప్రకటనలు జారీ చేయుటకు చట్టం అవకాశం ఇస్తున్నది. ఢిల్లీలో 7.62 సెంటీమీటర్లు, అంతకు మించిన అలుగు గల బటన్ చాకులపై ఇటువంటి ప్రకటన కలదు. అందువలన బటన్ నొక్కగానే తెరుచుకొనే రకాన్ని కొనకుండుట క్షేమం. విమాన ప్రయాణంలో ఏ చాకునూ చేతి సంచిలో తీసుకొనిపోరాదు.

విదేశాలకు వెళ్ళే విద్యార్థులు అక్కడి చట్టం వేరని గుర్తించవలెను. బ్రిటనులో వాదర 3 అంగుళాలకు మించని, తాళం లేని మడత చాకును మాత్రమే కారణం చూపనవసరం లేకుండా బహిరంగ ప్రదేశంలో వెంట ఉంచుకొనవచ్చును. తాళం ఉన్నది చిన్నదైనా తగిన కారణం లేనిదే నేరమవుతుంది. ఆ విధంగా వేళ్ళను కాపాడే ఉంగరపు తాళమే ఒపినెల్‌ను అక్కడ నిత్యం వెంట ఉంచుకొనరాని వస్తువుగా చేస్తున్నది. అటువంటి చోట తాళం లేని చిన్న స్విస్ చాకు తగినది. భద్రత కొరకు ఎంచుకొన్న గుణం చట్టం దృష్టిలో దోషం కావచ్చును కనుక, చాకును ఎక్కడ వాడబోతున్నారో ముందుగా నిశ్చయించుకొని ఆ తరువాతనే రకాన్ని ఎంచుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* కత్తి
* కత్తిపీట
* ఉక్కు
* సానరాయి