ఎండ్రిన్ అనే మాట

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసంటే రెండు అంకెలు: లైను, అడ్డరోడ్డు. పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చి ఆ లైన్లలో స్థిరపడ్డ పత్తి, మిరప రైతుల కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్ళు ఎవరి గురించైనా "ఎండ్రిన్ తాగాడంట" అన్నారంటే, తాగింది ఎండ్రినే అని కాదు. ఏ పురుగుమందైనా వాళ్ళకి ఎండ్రినే. అసలు ఎండ్రిన్‌ని మన దేశంలో 1990లోనే నిషేధించారు.

1950లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న డీల్స్, ఆల్డర్‌ల పేర్ల మీద డీల్డ్రిన్, ఆల్డ్రిన్ అనే మందులొచ్చాయి (విషానికి పేరు పెట్టడం ఏం గౌరవమో!). ఎండ్రిన్ డీల్డ్రిన్‌కి తోబుట్టువు. నీళ్ళలో దాదాపు కరగదు, కొవ్వులో చేరుతుంది, నేలలో పదేళ్ళు దాటినా ఉంటుంది. 1963లో మిసిసిపీ నదిలో చేపలు లక్షల్లో చచ్చి తేలితే, కారణం ఎండ్రిన్ అని అమెరికా ప్రజారోగ్య శాఖ తేల్చింది.

మన దగ్గర పురుగుమందుల చరిత్ర అంటే 1987-88 గుర్తొస్తుంది. గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ పీల్చేసిన ఏడు. కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్లను మితిమీరి కొట్టడంతో దోమను తినే పురుగులు చచ్చాయి, దోమ పెరిగింది. అప్పులు, ఆత్మహత్యలు. ఆ చావులు గుర్తుండాల్సినవే. కానీ పురుగుమందంటే చావు ఒక్కటే గుర్తుండటం వల్ల ఇంకో సంగతి మరుగున పడింది. మోనోక్రోటోఫాస్ తాగినా చస్తారు, అయితే అది నేలలో వారాల్లోనే విరిగిపోతుంది. ఎండ్రిన్, డీడీటీ అలా పోవు. 2001 స్టాక్‌హోమ్ ఒప్పందం మొదటి జాబితాలోని 12 రసాయనాల్లో ఈ రెండూ ఉన్నాయి. పత్తికి విరివిగా కొట్టిన ఎండోసల్ఫాన్‌ని 2011 ఏప్రిల్‌లో అదే జాబితాలో చేర్చారు; మేలో సుప్రీంకోర్టు ఇక్కడ దాన్ని ఆపేసింది.

ఆపడం సరే, ఉన్నదాన్ని తియ్యడం ఎట్లా? డబ్బాల్లో మిగిలితే కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చొచ్చు. అదీ తేలిక కాదు: భోపాల్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మూటగట్టి ఉంచిన సుమారు 337 టన్నుల వ్యర్థం పీథంపూర్ చేరేసరికి 2025 జనవరి అయింది. చేలో చల్లింది మూటలో ఉండదుగా. అది పైమట్టిలో, చెరువు బురదలో, చేప కొవ్వులో ఉంటుంది. పైమట్టి తీసేస్తే పొలమే లేదు.

జపాన్ ఈ మందుల్ని సాగులో 1970లలోనే ఆపేసింది. దాదాపు 30 ఏళ్ళ తర్వాత అక్కడి కీరదోసల్లో డీల్డ్రిన్, ఎండ్రిన్ పరిమితిని మించి కనపడ్డాయి. గుమ్మడి జాతి మొక్కలు ఈ మందుల్ని వేళ్ళతో లాగి కాయలోకి పంపుతాయి. అక్కడి శాస్త్రవేత్తలు నేలలో యాక్టివేటెడ్ కార్బన్ కలిపి విషాన్ని మట్టికే అంటిపెట్టి చూశారు, తక్కువ పీల్చే వేళ్ళ మీద కీరని అంటుకట్టి చూశారు. దేనికైనా ముందు మట్టిని పరీక్షించాలి.

మన దోస, సొర, బీర, కాకర అన్నీ ఆ జాతివే.