చెన్నారెడ్డి గారి రెండు రాజీనామాలు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు అడిగారు. అనంతగిరి గుట్టను గూర్చి, తాండూరు నాపరాళ్ళను గూర్చి నాకంటే బాగా వ్రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను ఫైళ్ళ మధ్య బ్రతికిన గుమాస్తాను. అందుచేత నాకు తెలిసిన సంగతి ఒకటి ఎన్నుకున్నాను. ఒక పార్టీ తన నాయకుణ్ణి ఎట్లా సమీక్షించుకొంటుంది, ఇష్టం లేకపోతే ఎట్లా మార్చుకొంటుంది అన్నదే ఈ వ్యాసం. దానికి మన వికారాబాదు, తాండూరులకు మించిన ఉదాహరణ మరొకటి దొరకదు.

1980 అక్టోబరు 11న డాక్టర్ మర్రి చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి పదవి నుండి దిగిపోయారు. అప్పుడు నేను తాండూరులో పని చేస్తున్నాను. రేడియోలో వార్త విని మరునాడు ఆఫీసులో అందరం దాన్నే చెప్పుకొంటుంటే మా అటెండరు ఒక ప్రశ్న వేశాడు. "సారూ, మల్ల ఓట్లు ఎప్పుడు పడ్డయి? మాకు తెల్వకనే పడ్డయా?" అందరం నవ్వాము. కాని ఆ ప్రశ్నకు జవాబు మాలో ఎవరివద్దా లేదు. ప్రజలు ఓట్లు వేయలేదు. శాసనసభలో అవిశ్వాస తీర్మానం నెగ్గలేదు. సొంత పార్టీ సభ్యులు కూర్చుండి చేతులెత్తి లెక్కపెట్టుకున్నదీ లేదు. అయినా ముఖ్యమంత్రి మారారు.

చెన్నారెడ్డి గారు ఈ ప్రాంతానికి పరాయి మనిషి కాదు. 1952, 1957 ఎన్నికలలో వికారాబాదు నుండి, 1962, 1967 ఎన్నికలలో తాండూరు నుండి శాసనసభకు గెలిచారు. 1952లో బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో పిన్న వయస్సులోనే మంత్రి అయ్యారు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో ఆయన ఒకరు. అదే సంవత్సరం కొత్త రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరన్న విషయమై నీలం సంజీవరెడ్డి గారికి, బెజవాడ గోపాలరెడ్డి గారికి మధ్య శాసనసభా పక్షంలో పోటీ జరిగింది. సంజీవరెడ్డి గారు నెగ్గారు. అనగా కాంగ్రెసులో ఓట్లు లెక్కపెట్టి నాయకుణ్ణి ఎన్నుకొనే అలవాటు ఒకప్పుడు ఉన్నదే.

తాండూరు నుండి 1967లో ఆయన గెలిచిన ఎన్నికను హైకోర్టు 1968లో రద్దు చేసింది. ఆరేళ్ళు పోటీకి అనర్హులైనారు, కేంద్ర మంత్రి పదవి పోయింది. మరుసటి ఏడు తెలంగాణ ఉద్యమం వచ్చింది. బ్రహ్మానందరెడ్డి గారి నాయకత్వం మీద తెలంగాణ కాంగ్రెసువారికున్న అసమ్మతి అంతా పార్టీ గడప దాటి వీధిలోకి వచ్చింది. తెలంగాణ ప్రజాసమితికి చెన్నారెడ్డి గారు నాయకులైనారు. 1971 లోక్‌సభ ఎన్నికలలో ఆ సమితి తెలంగాణలోని 14 స్థానాలలో 10 గెలిచింది. ఆ సెప్టెంబరులోనే బ్రహ్మానందరెడ్డి గారు దిగారు, పి.వి. నరసింహారావు గారు వచ్చారు, సమితి కాంగ్రెసులో కలిసింది. ఆ ఉద్యమంలో వందలమంది, అందులో ఎక్కువమంది విద్యార్థులు, ప్రాణాలు కోల్పోయారు. అసమ్మతిని లోపల విని పరిష్కరించకపోతే దాని ఖరీదు బయటివాళ్ళు చెల్లించవలసి వస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

1978లో ఇందిరా కాంగ్రెసు 294లో 175 స్థానాలు గెలిచి చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. మన సర్వీసు రిజిస్టర్లలో చాలావాటికి ఆనాడే జిల్లా పేరు మారింది. 1980 జనవరి లోక్‌సభ ఎన్నికలలో రాష్ట్రంలోని 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. అంతటి గెలుపు తరువాత తొమ్మిది నెలలకే ఆయన దిగవలసి వచ్చింది. ఆయన పట్టుదల మనిషి, మాట కటువు. గిట్టనివారు ఉండడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ గిట్టనితనాన్ని చెప్పుకొనే చోటు హైదరాబాదులో లేదు. శాసనసభ్యులు గుంపులుగా ఢిల్లీ వెళ్ళి అధిష్ఠానానికి మొర పెట్టుకొన్నారు. నిర్ణయం అక్కడే జరిగింది. కేంద్రంలో మంత్రిగా ఉన్న అంజయ్య గారిని పంపారు. ఆయన అందరినీ తృప్తి పరచబోయి 60 మందికి మించిన మంత్రివర్గం కట్టారు. 1982 ఫిబ్రవరిలో ఆయనా పోయి భవనం వెంకట్రామ్ గారు, సెప్టెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి గారు వచ్చారు. ఒకే శాసనసభ, నలుగురు ముఖ్యమంత్రులు!

ఆ రోజుల్లో "సీల్డు కవరు" అన్న మాట మన ఆఫీసులలో సామెతయింది. పేరు ఢిల్లీ నుండి కవరులో వస్తుంది, ఇక్కడ విప్పి ఏకగ్రీవం అంటారు. ఎన్.టి. రామారావు గారు 1982 మార్చి 29న తెలుగుదేశం స్థాపించి తెలుగువారి ఆత్మగౌరవం అని నినదించినప్పుడు ఊళ్ళల్లో జనానికి ఆ మాట వివరించి చెప్పవలసిన పని లేకపోయింది. 1983 జనవరి ఎన్నికలలో కాంగ్రెసు 60 స్థానాలకు దిగింది.

ఇంత జరిగినా పాఠం నేర్చుకున్నారా? 1989లో కాంగ్రెసు 181 స్థానాలతో మళ్ళీ గెలిచింది. డిసెంబరు 3న చెన్నారెడ్డి గారు రెండవసారి ముఖ్యమంత్రి అయ్యారు. మళ్ళీ అసమ్మతి, మళ్ళీ ఢిల్లీ ప్రయాణాలు. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో జరిగిన ఘోరమైన మతకల్లోలాల నడుమ, 17వ తేదీన ఆయన స్థానంలో నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు వచ్చారు. 1992 అక్టోబరులో ఆయనా దిగి విజయభాస్కరరెడ్డి గారు వచ్చారు. 1994లో కాంగ్రెసుకు దక్కినవి 26 స్థానాలు. తాండూరులో కూడా తెలుగుదేశమే గెలిచింది.

చెన్నారెడ్డి గారు రెండవసారి దిగడానికి నెల ముందే ఇంగ్లండులో మరొక సంగతి జరిగింది. ప్రధాని మార్గరెట్ థాచర్ మీద ఆమె పార్టీలోనే అసమ్మతి పెరిగింది. 1990 నవంబరు 20న ఆ పార్టీ పార్లమెంటు సభ్యులు రహస్య ఓటింగు జరిపారు. ఆమెకు 204, పోటీ చేసిన హెసల్టైన్‌కు 152 వచ్చాయి. నియమం ప్రకారం కావలసిన ఆధిక్యానికి 4 ఓట్లు తక్కువయ్యాయి. రెండు రోజులకే ఆమె వైదొలగుతానని ప్రకటించారు. ఓటు వేసినవారెవరో, నియమమేమిటో, లెక్క ఎంతో అందరికీ తెలుసు. కొత్త నాయకుడు జాన్ మేజర్ 1992 ఎన్నికలలో పార్టీని గెలిపించారు కూడా. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో 2022లో ముఖ్యమంత్రి జేసన్ కెన్నీకి సొంత పార్టీ సభ్యుల సమీక్షలో 51.4 శాతం మద్దతు వచ్చింది. అది చాలదని ఆయనే తప్పుకొన్నారు.

నాయకుణ్ణి మార్చడమే తప్పు అని నేను అనడం లేదు. 1971లో మార్చిన తరువాత 1972లో కాంగ్రెసు ఘనంగా గెలిచింది. తప్పల్లా లెక్క లేకపోవడంలో ఉన్నది. 1972 తరువాత కాంగ్రెసులో సంస్థాగత ఎన్నికలు మళ్ళీ జరిగినది 1992లోనే, తిరుపతి మహాసభ నాటికి. చెన్నారెడ్డి గారు దిగిన రెండు సందర్భాలూ ఆ ఇరవై ఏళ్ళ నడుమవే. ఆ మాటకు వస్తే ఆయనా అన్యాయం జరిగిందని గట్టిగా అనగలిగిన స్థితిలో లేరు. ఆయనను కూర్చోబెట్టినదీ, దించినదీ ఆ ఢిల్లీయే.

ప్రాంతీయ పార్టీలు మేలా అంటే అదీ చెప్పలేము. 1995 ఆగస్టులో తెలుగుదేశం శాసనసభ్యులు తమ నాయకుణ్ణి తామే మార్చారు. కాని అది జరిగిన చోటు పార్టీ కార్యాలయం కాదు, వైస్రాయ్ హోటలు. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు గారు ప్రమాణం చేశారు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం అసమ్మతి గల సభ్యుని నోరు కట్టింది గాని కాలు కట్టలేకపోయింది. 2018లో తాండూరు ప్రజలు కాంగ్రెసు అభ్యర్థిని గెలిపించారు. 2019 జూన్‌లో తెలంగాణ రాష్ట్ర సమితిలో విలీనమైన 12 మంది కాంగ్రెసు సభ్యులలో ఆయన ఒకరు. 2023 డిసెంబరులో కాంగ్రెసు గెలిచినప్పుడు శాసనసభా పక్షం ఏకవాక్య తీర్మానం చేసి ఎంపికను అధిష్ఠానానికి అప్పగించింది. మన జిల్లాలోని కొడంగల్ నుండి గెలిచిన రేవంత్ రెడ్డి గారి పేరు ఢిల్లీలోనే ప్రకటించారు. అదే నెలలో వికారాబాదు సభ్యులు ప్రసాద్ కుమార్ గారు స్పీకరైనారు. ఫిరాయింపుల ఫిర్యాదులు విచారించే కుర్చీ ఆ విధంగా మన ఊరికే వచ్చింది. మూడు నెలలలో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు ఆ కుర్చీకి చెప్పవలసి వచ్చింది.

మిత్రులారా, మన సంఘం చిన్నది. అయినా ఏటా సర్వసభ్య సమావేశం పెట్టుకొంటాము. జమాఖర్చులు చదువుతారు. అధ్యక్షుల వారిని నిలబెట్టి ప్రశ్నలడుగుతాము. చేతులెత్తమంటారు, కార్యదర్శి గారు లెక్కపెట్టి మినిట్సు పుస్తకంలో వ్రాస్తారు. ఓడినవారు కోపంతో టీ త్రాగకుండా వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. మరుసటి నెల పెన్షను పనిమీద మళ్ళీ వచ్చి ప్రక్కనే కూర్చుంటారు. మా అటెండరు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ మినిట్సు పుస్తకంలో ఉన్నదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఓట్లు ఎప్పుడు పడ్డాయని మన పిల్లలు అడిగితే చూపించడానికి తేదీ, లెక్క, సంతకం ఉండాలి. సంఘానికైనా, పార్టీకైనా అంతకు మించిన రక్షణ లేదు.

సెలవు.