సర్కారువారి పాట: రేవు నుంచి రాజధాని దాకా

కోనసీమలోని అల్లవరం మండలంలో వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు ఓడలరేవు. ఇప్పుడు ఆ పేరు చెబితే చాలామందికి ఓఎన్జీసీ గ్యాస్ టెర్మినలే గుర్తొస్తుంది. ఆ ఊరివాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది రేవు. ఎదురుగా కనిపిస్తుంది కరవాక. కేక వేస్తే వినపడేంత దగ్గరనిపిస్తుంది, కానీ రోడ్డున పోవాలంటే పైకి వెళ్లి వంతెన ఎక్కి చుట్టు తిరిగి రావాలి.

కోనసీమ రేవుల్లో పంటు అంటే రెండు నావలను జతచేసి పైన చెక్కలు పరిచిన బల్లకట్టు. దాని మీదకి ముందు మోటారు సైకిళ్లు ఎక్కుతాయి, తర్వాత కొబ్బరికాయల బస్తాలు, చేపల తట్టలు, ఆఖరున మనుషులు. ఒడ్డుకీ పంటుకీ మధ్య వేసిన చెక్క, పోటు మీదున్నప్పుడు చదునుగా ఉంటుంది, పాటు తీస్తే ఏటవాలుగా దిగుతుంది. చీటీ చింపి ఇచ్చేవాడు ప్రభుత్వోద్యోగి కాదు, పాటదారు పెట్టుకున్న మనిషి. నది సర్కారుది, పంటు పాటదారుది, దాటే అవసరం జనానిది. ఈ ముగ్గురి లెక్కా కుదర్చడానికి పుట్టిందే రేవు పాట.

దీని విధానం కోనసీమలో అందరికీ తెలిసిందే. వేలం తేదీకి దండోరా వేస్తారు. పాడదలచినవాళ్లు ధరావతు కడతారు. ‘సర్కారువారి పాట’ అంటూ ఒక మొత్తంతో మొదలవుతుంది, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేసరికి ఎవరి పాట హెచ్చుగా నిలిస్తే రేవు వాళ్లది. గడువు తీరేదాకా వసూలు వాళ్లదే, నష్టమొచ్చినా వాళ్లదే. వరదకి పంటు ఆగినా, పక్కన వంతెన లేచినా, కట్టిన సొమ్ము తిరిగి రావడం కష్టం.

ఈ ఆచారానికి చట్టం పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. ఉత్తరాదికి 1878లో ఫెర్రీల చట్టం, మద్రాసు రాజధానికి 1890లో కాలువలు, పబ్లిక్ ఫెర్రీల చట్టం. 1878 చట్టాన్ని ఈనాటి కళ్లతో చదివితే ఆశ్చర్యమేస్తుంది. సుంకం వసూలు హక్కును బహిరంగ వేలంలో ఇవ్వాలి. మామూలుగా గడువు అయిదేళ్లు దాటకూడదు. రేవుకి రెండు మైళ్ల లోపల ఇంకెవరూ పోటీ రేవు పెట్టకూడదు. మనిషికెంత, బండికెంత అన్నది స్థానిక భాషలో రాసి, రేవు దగ్గర అందరికీ కనిపించేచోట పలక కట్టాలి. ఎక్కువ పుచ్చుకుంటే శిక్ష. పోటీ, గడువు, ఏకహక్కు, ధరల బహిర్గతం, జరిమానా: ప్రైవేటు భాగస్వామ్యం గురించి ఇవాళ సెమినార్లలో చెప్పేవాటిలో ముఖ్యమైనవన్నీ ఆ పాత చట్టంలో ఉన్నాయి. అయితే అది దాటించే హక్కును మాత్రమే ఇచ్చేది. కట్టడం, అప్పు తేవడం, పాతికేళ్లు నడపడం దాని పనికాదు.

ఆ పని కోసం లండన్ నుంచి పెట్టుబడి రప్పించిన ప్రయోగం కూడా తెలుగుగడ్డ మీదే జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) సర్కారు సొమ్ముతో లేచి, గోదావరి డెల్టా నుంచి శిస్తు పెరిగేసరికి, నీళ్లమీద డబ్బులు కాస్తాయన్న నమ్మకం మదుపరుల్లో కుదిరింది. ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు ఆ నమ్మకానికి హామీలా పనిచేసింది. 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌండ్ల మూలధనం మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వారు. ఖర్చు అంచనాలు దాటింది, ప్రభుత్వం మళ్లీ అప్పివ్వాల్సి వచ్చింది. తీరా నీళ్లొచ్చాక, నల్లరేగడిలో వానాధారంగా జొన్న పండించుకునే రైతు డబ్బిచ్చి నీళ్లు కొనడానికి ముందుకు రాలేదు. లాభమొస్తే వాటాదారుకి, రాకపోతే వడ్డీ ఖజానా నుంచి. ఆ ఏర్పాటులో కంపెనీకి పొదుపు చేయాల్సిన అవసరం ఏముంది? 1882లో ప్రభుత్వం కాలువను కొనేసుకుంది.

మనవాళ్లు ఇంచుమించు వందేళ్లు ఆ దారి తొక్కలేదు. ఖజానా ఖాళీ అయినప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. 1995లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి ప్రైవేటువాళ్లు రోడ్డు వేసి టోలు పుచ్చుకోవచ్చన్నారు. కోనసీమకి దగ్గర్లోనే, కాకినాడ లోతునీటి రేవును కట్టిన రెండేళ్లకే, 1999 ఏప్రిల్ నుంచి ప్రైవేటు నిర్వహణకి ఇచ్చారు. అప్పటికి రాష్ట్రంలో ఇలాంటి ఒప్పందాలన్నిటికీ వర్తించే చట్టం లేదు. గుజరాత్ ఆ ఏడాదే ఒకటి చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ 2001లో మౌలిక వసతుల అభివృద్ధికి తోడ్పడే చట్టం తెచ్చింది. అధికారుల కాగితాల్లో దీన్ని పొడి అక్షరాల్లో ఏపీఐడీఈ అంటారు. ఎవరికివ్వాలో చూడటానికి ఒక అథారిటీ, తగువొస్తే తీర్చడానికి కన్సిలియేషన్ బోర్డు, ఏ నష్టం ఎవరు మోయాలో చెప్పే పట్టిక, కట్టి–నడిపి–అప్పగించే పద్ధతుల జాబితా అందులో ఉన్నాయి.

ప్రపంచం కూడా అదే సమయంలో ఈ పనిలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్టాల సంఘం 2000లో ప్రైవేటు పెట్టుబడితో కట్టే ప్రాజెక్టులకు చట్టాలు ఎలా రాసుకోవాలో మార్గదర్శిని వెలువరించింది, 2003లో నమూనా నిబంధనలే రాసిచ్చింది, 2019లో వాటిని తిరగరాసింది. మన దేశం మొత్తానికి మాత్రం ఈనాటికీ ఒకే భాగస్వామ్య చట్టం లేదు. రాష్ట్రానికో చట్టం, కేంద్రానికి ప్రణాళికా సంఘం తయారుచేసిన నమూనా ఒప్పందాలు, అంతే. అన్నట్టు, ఈ ఒప్పందాల్లోని ‘కన్సెషన్’ని మనవాళ్లు ‘రాయితీ’ అని రాస్తున్నారు, బస్సు టికెట్టులో తగ్గింపులా. ‘పాట’ అని ఉంటే కోనసీమలో చదువు రానివాడికి కూడా అర్థమయ్యేది.

2001 చట్టంలో అన్నిటికంటే ఎక్కువ నలిగిన మాట స్విస్ ఛాలెంజ్. ఎవరైనా తనంతట తాను ఒక ప్రతిపాదన తెస్తే దాన్ని బయటపెట్టి, మెరుగైన పాట ఎవరైనా పాడతారేమో పిలవాలి. పాడితే, మొదటివాడికి దానితో సరితూగే అవకాశం ఇవ్వాలి. కాగితం మీద ఇబ్బంది లేదు. రాజధాని అమరావతిలో అంకురప్రాంతం (స్టార్టప్ ఏరియా) అభివృద్ధికి సింగపూర్ సంస్థలు, అసెండాస్–సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్, ప్రతిపాదన ఇచ్చినప్పుడు చిక్కు వచ్చింది. ప్రభుత్వానికి అవి ఇవ్వజూపిన ఆదాయ వాటా ఎంతో పోటీదారులకు చెప్పలేదు, గోప్యమన్నారు. 2016 సెప్టెంబరులో హైకోర్టు ప్రక్రియను ఆపింది. ప్రభుత్వం ప్రకటనను వెనక్కి తీసుకుని, చట్టాన్ని సవరించి, మళ్లీ పిలిచింది. 2017 మేలో శంకుస్థాపన జరిగింది, 2019 నవంబరులో కొత్త ప్రభుత్వం ప్రాజెక్టునే రద్దు చేసింది.

సర్కారువారి పాట ఎంతో వినిపించకుండా వేలం ఎలా సాగుతుంది? రేవులో ఈ ప్రశ్న అడగక్కర్లేదు. అంకె పైకి అన్నాకే పక్కవాడు పెంచుతాడు.

గోదావరి మీద ఈ పద్ధతిలో లేచిన పెద్ద కట్టడం రాజమహేంద్రవరం–కొవ్వూరు నాలుగో వంతెన. 2008లో ఒప్పందం, పాతికేళ్ల గడువు, నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు, 2015లో రాకపోకలు. టోలు రాబడి ఒక్కటే చాలదని తెలుసు కనుక కేంద్రం నుంచి లోటు భర్తీ నిధి తీసుకున్నారు. ఆ నిధి పథకం కింద కేంద్రం ప్రాజెక్టు ఖర్చులో 20 శాతం దాకా ఇస్తుంది, ఇంకో 20 శాతం దాకా రాష్ట్రమో సంబంధిత సంస్థో కలపవచ్చు. అంతకుమించి కావలసివచ్చే వంతెన ఈ దారిన రాదు. లారీలు నిలవకుండా తిరిగే చోట్లకే ప్రైవేటు పెట్టుబడి పోతుంది. తీరంలో ఆఖరు ఊళ్లున్న అల్లవరం మండలం లాంటి చోట టోలు గేటు పెట్టి ఎవరు అప్పు తీర్చగలరు?

అదే మండలంలోని బోడసకుర్రులో వైనతేయ మీద అవతల పాశర్లపూడికి జాతీయ రహదారి 216 వంతెన ఉంది. అదే పాయ దాటాల్సిన ఇంకో దారి కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకి తీసుకుపోయారు. అది తిరిగొచ్చింది 2004లో. దాన్ని కోనసీమ మీదుగా నరసాపురం దాకా సుమారు 57 కిలోమీటర్లు పొడిగించే పని 2000–01లో మంజూరయింది. నిర్మాణ ఖర్చులో పావు వంతు రాష్ట్రం పెట్టుకోవాలని షరతు. ఇక్కడ ప్రైవేటువాడు లేడు, ఇద్దరూ సర్కార్లే. పాటదారు కిస్తీ ఎగ్గొడితే ధరావతు జప్తు చేస్తారు. కంపెనీ మాట తప్పితే 2001 చట్టం చెప్పిన బోర్డు ఉంది. రాష్ట్రం తన వాటా ఏళ్ల తరబడి జమ చేయకపోతే ఏం చేయాలో ఈ చట్టాల్లో ఎక్కడా రాయలేదు. పాయల్లో వంతెన స్తంభాలు లేచి నిలబడ్డాయి. రైలు ఎక్కాలంటే అల్లవరం మనిషి ఇప్పటికీ కోనసీమ దాటి పోవాలి.