కన్నప్ప

కన్నప్ప శైవ భక్తుల్లో అగ్రగణ్యుడిగా పేరు పొందిన బోయ యువకుడు. అసలు పేరు తిన్నడు. తమిళులు తిణ్ణన్ అంటారు. తమిళ శైవులు కొలిచే 63 మంది నాయనార్లలో ఒకడు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున కొండ మీది శివలింగాన్ని తనకు తోచిన తీరున పూజించి, చివరికి తన కన్ను పెకలించి స్వామికి పెట్టాడని కథ. ఎంగిలి మాంసం నైవేద్యమై, పుక్కిట పట్టిన నీరు అభిషేకమై, చెప్పుకాలు లింగం మీద ఆనిన ఈ కథను ఆచారాన్ని గట్టిగా పట్టుకునే సంప్రదాయమే తలకెత్తుకుంది. బయటి శుద్ధికీ లోపలి శుద్ధికీ ఉన్న సంబంధం గురించి మన దేశంలో ఎప్పుడు చర్చ వచ్చినా కన్నప్ప పేరు రాక తప్పదు.

కథ

పొత్తపినాటిలోని ఉడుమూరు తిన్నడి ఊరు. నేటి రాజంపేట దగ్గరి ఊటుకూరే ఆ ఉడుమూరని ఆ ప్రాంతం వాళ్లు చెబుతారు. తమిళ పెరియపురాణంలో తండ్రి పేరు నాగన్, తల్లి పేరు తత్తై. ఆమె నోము ఫలించి కుమారస్వామి వరంతో పుట్టిన బిడ్డ. ఎత్తుకుంటే బరువుగా, దిట్టంగా ఉన్నాడని తిన్నడన్న పేరు పెట్టారట. పదహారేళ్లకు తండ్రి వేట పెత్తనం కొడుక్కు అప్పగించాడు. మొదటి వేటలోనే ఒక అడవిపంది వలలు తెంచుకుని పారిపోయింది. నాణన్, కాడన్ అనే ఇద్దరు తోడుగాళ్లతో తిన్నడు దాన్ని తరుముతూ చాలా దూరం వెళ్లి, కూల్చాడు. దాహం వేసి నీళ్లు ఎక్కడని అడిగితే నాణన్ స్వర్ణముఖిని చూపించాడు. నది అవతల కొండ కనిపించింది. కొండ మీద దేవుడున్నాడని విన్నాడు. అంతే, తిన్నడి మనసు అటు లాగింది.

లింగాన్ని చూడగానే అతనికి కలిగింది భయం కాదు, జాలి. ఇంత అడవిలో, పులులూ ఎలుగులూ తిరిగేచోట ఈయన ఒంటరిగా ఉన్నాడే, ఆకలేస్తే పెట్టేవాళ్లెవరు అని దిగులుపడ్డాడు. పంది మాంసం కాల్చి, ముక్క ముక్కా కొరికి చూసి, రుచిగా ఉన్నవి ఏరి ఆకుదొప్పలో పెట్టాడు. ఒక చేతిలో విల్లు, ఇంకో చేతిలో దొప్ప. నీళ్లు తేవడానికి చెయ్యి ఖాళీ లేదు, నోట్లో పట్టాడు. పూలు జుట్టులో తురుముకున్నాడు. లింగం మీది పాత పూలను చెప్పుకాలితో తోసి, నోటి నీళ్లు పోసి, తలలోని పూలు రాల్చి, మాంసం ముందు పెట్టాడు. రాత్రంతా విల్లు ఎక్కుపెట్టి కాపలా కాశాడు. తెల్లవారి మళ్లీ వేటకు వెళ్లాడు.

అతను అటు వెళ్లగానే ఇటు శివగోచరి వచ్చేవాడు. ఆగమం తెలిసిన అర్చకుడు, నిష్ఠగలవాడు. స్వామి సన్నిధిలో ఎముకలు, మాంసం చూసి గుండె బద్దలైంది. అంతా కడిగి, నదిలో మళ్లీ మునిగి వచ్చి, సంప్రోక్షణ చేసి, మంత్రయుక్తంగా పూజ చేసుకుని వెళ్లేవాడు. మళ్లీ తిన్నడు వచ్చి ఆ పూలు తోసేసేవాడు. ఇలా రోజులు గడిచాయి. కొడుక్కు పిచ్చిపట్టిందని తండ్రి వచ్చి పిలిచినా తిన్నడు కదల్లేదు. ఈ అపచారం ఆపమని శివగోచరి మొరపెట్టుకుంటే స్వామి కలలో కనిపించి, అతని చెప్పుకాలి స్పర్శ నాకు కుమారస్వామి కాలి తాపు కంటే హాయి, ఆ పుక్కిటి నీరు గంగ కంటే పవిత్రం అన్నాడు. రేపు దాక్కుని చూడమన్నాడు.

ఆరో రోజు లింగం కుడికంటి నుంచి నెత్తురు కారసాగింది. తిన్నడు చేతిలోవి జారవిడిచాడు. ఎవరో శత్రువు కొట్టాడనుకుని విల్లు పట్టి చుట్టూ వెతికాడు. ఆకుపసర్లు తెచ్చి పిండాడు. ఆగలేదు. మాంసానికి మాంసమే మందు అన్న బోయల వైద్యం గుర్తొచ్చింది. బాణంతో తన కన్ను పెకలించి అద్దాడు, నెత్తురు ఆగింది. సంతోషంతో చిందులు వేస్తుండగానే ఎడమకన్ను కారడం మొదలైంది. మందు తెలిసిపోయింది కదా, ఇక దిగులు లేదు. కాకపోతే రెండో కన్నూ తీశాక చోటు కనిపించదు గనుక గుర్తుగా ఎడమకాలు అక్కడ ఆనించి బాణం ఎత్తాడు. అప్పుడు శివుడు లింగంలోంచి చెయ్యి చాచి, కన్నప్పా ఆగు అని మూడుసార్లు అని ఆపాడు. తిన్నడికి ఆ పేరు అలా వచ్చింది. చాటున ఉన్న శివగోచరి ఇదంతా చూశాడు.

కథ నడిచిన దారి

ఇది పెరియపురాణంతో పుట్టిన కథ కాదు. 7వ శతాబ్దపు అప్పర్, సంబంధర్ పాటల్లోనే కన్నిచ్చిన వేటగాడి ప్రస్తావన ఉంది. 8వ శతాబ్దంలో సుందరర్ కూర్చిన భక్తుల జాబితాలో అతని పేరుంది. తన భక్తి కన్నప్ప ప్రేమకు సరితూగదని మాణిక్యవాచకర్ వాపోయాడు. ఆరు రోజుల్లో కన్ను పెరికి పెట్టగల ధైర్యం తనకు లేదని పట్టినత్తార్ ఒప్పుకున్నాడు. పెద్ద భక్తులే కన్నప్పను చూసి తమను తాము తక్కువ చేసుకోవడం తమిళ శైవంలో ఒక ఆనవాయితీ అయింది. తమిళ శైవుల పవిత్ర గ్రంథాలైన తిరుముఱైలలో 11వ దానిలో నక్కీరదేవర్, కల్లాడదేవర్ విడివిడిగా ఈ కథ మీదే రాసిన రెండు రచనలు చేరాయి. 12వ శతాబ్దంలో, రెండవ కులోత్తుంగ చోళుని కాలంలో, సేక్కిళార్ పెరియపురాణంలో కథకు నిండైన రూపం ఇచ్చాడు. సంస్కృతంలో ఆదిశంకరుల పేరుతో ప్రసిద్ధమైన శివానందలహరిలో 63వ శ్లోకం కన్నప్పదే: బాటలో అరిగిన చెప్పు, పుక్కిటి నీరు, నమిలిన మాంసపు ముక్క ఒక్కొక్కటీ పూజాద్రవ్యమైన తీరు చెప్పి, ఆ అడవి మనిషి భక్తశిఖామణి అయ్యాడంటుంది. అద్వైతాచార్యుని పేరున ఉన్న స్తోత్రంలో ఈ శ్లోకం ఉండటం చిన్న విషయం కాదు.

తెలుగులో 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఉడుమూరి కన్నప్ప కథ ద్విపదలో చెప్పాడు. సోమనాథునికి శివభక్తుడైతే చాలు, కులం ప్రశ్న రాదు. ఆ దృష్టికి కన్నప్ప చేతికందిన సాక్ష్యం. 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో మళ్లీ చెప్పాడు. తెలుగువారి మనసులో ఉన్న తిన్నడు చాలావరకు ధూర్జటి తిన్నడే. సేక్కిళార్ తిన్నడు ప్రేమకు మాటలు పోయినవాడు. ధూర్జటి తిన్నడు లింగంతో కబుర్లాడతాడు. ఈ అడవిలో నీకేం సుఖం, మా ఉడుమూరికి రా, నీకు కావలసినవన్నీ అక్కడున్నాయి అని బతిమాలతాడు. పలకని రాయిని అలిగిన చుట్టాన్ని పిలిచినట్టు పిలవడంలో నవ్వూ వస్తుంది, కన్నీళ్లూ వస్తాయి. రాజాస్థానాలను విసుక్కున్న కవికి బోయపల్లె మాట ఇంత బాగా పట్టుబడటం చూస్తే, పాండిత్యం లేని భక్తి మీద ఆయనకు అసూయ ఉండేదేమో అనిపిస్తుంది.

మడి, మనసు

శుద్ధి రెండు రకాలని శాస్త్రాలే చెబుతాయి. పతంజలి యోగసూత్రాల్లో నియమాల వరసలో మొదటిది శౌచం. మట్టితో, నీటితో చేసుకునేది బాహ్యమనీ, మనసులోని మలినాలు కడుక్కునేది ఆంతరమనీ వ్యాసభాష్యం విడదీసింది. భగవద్గీత 9వ అధ్యాయంలో ఆకు, పువ్వు, పండు, నీరు ఏదైనా స్వీకరిస్తానన్న కృష్ణుడు పెట్టిన షరతు ఇచ్చేవాడి శుద్ధమైన మనసే. భక్తుల్లో పుట్టుక, చదువు, రూపం, ధనం చూసి తేడా పెట్టరాదని నారద భక్తిసూత్రాలు అంటాయి. వేమన పద్యాలు విన్న తెలుగువాడికి ఈ మాట కొత్త కాదు.

అయితే గీతలోనే 16వ అధ్యాయం చివర, ఏది చేయాలో ఏది కూడదో శాస్త్రమే ప్రమాణమని ఉంది. వెంటనే 17వ అధ్యాయం మొదట్లో అర్జునుడు అడుగుతాడు: శాస్త్రవిధి వదిలి, శ్రద్ధతో పూజించేవారి సంగతేమిటి? ఇక్కడ శంకరభాష్యం ఒక సన్నటి గీత గీసింది. విధి తెలిసీ తోసేసేవాడికి శ్రద్ధ ఉందనలేం. విధి తెలియక, పెద్దల నడతను చూసి శ్రద్ధగా చేసేవారి గురించే ఆ ప్రశ్న అంటుంది. కన్నప్పకు ఈ వివరణ చక్కగా సరిపోతుంది. అతను శాస్త్రాన్ని ధిక్కరించలేదు, అలాంటిది ఒకటుందని అతనికి తెలియదు.

ఇంకో సంగతి తరచూ మరిచిపోతారు. తిన్నడి పూజలో నియమం లేదనడం పొరపాటు. ఎంగిలి చేసింది తనకోసం కాదు, చేదు ముక్క, గట్టి ముక్క స్వామికి పోకూడదని. తాను తినలేదు, నిద్రపోలేదు, విల్లు దించలేదు. బోయగూడెంలో ప్రియమైనవాళ్లకు ఎలా వడ్డిస్తారో, ఎలా కాపాడతారో అదంతా తూచా తప్పకుండా చేశాడు. పుణ్యం కావాలని కానీ, ఎవరైనా చూడాలని కానీ లేదు. చిత్తశుద్ధి అంటే ఈ కథలో అదే: చేసే పనిలో తన లెక్క ఏదీ లేకపోవడం. రెండో కన్ను దగ్గర అతను వెనకాడకపోవడం కంటే, గుర్తు తప్పకూడదని కాలు పెట్టడంలోనే అది ఎక్కువ కనిపిస్తుంది. ఆ క్షణంలో కూడా అతని బెంగ వైద్యం సరిగా కుదరాలనే.

శివగోచరిని దుష్టుడిగా చూపించడం కూడా తప్పే. సేక్కిళార్ అతన్ని ఎక్కడా చిన్నచూపు చూడలేదు. రోజూ కడిగి, రోజూ ఏడ్చి, మళ్లీ పూజ మానకుండా చేసినవాడు అతను. స్వామి అతన్ని శిక్షించలేదు, చూడమన్నాడు. కల వచ్చిందీ, చివరి దృశ్యం దక్కిందీ అతనికే.

పూజారులను ఎద్దేవా చేయడానికి ఈ కథ వాడుకునేవారూ, మా ఇష్టం వచ్చినట్టు చేస్తాం అనడానికి వాడుకునేవారూ దీన్ని సగమే చదివినట్టు. శబరి ఎంగిలి పండ్లతో కన్నప్పను కలిపి చెప్పడం కూడా మనకు అలవాటు. కానీ వాల్మీకి రామాయణంలో శబరి పండ్లు కొరికి చూసిన ఘట్టం లేదు. అది తర్వాతి భక్తుల ఊహ. కన్నప్ప కథలో మాత్రం ఎంగిలి మొదటినుంచీ కథకు ప్రాణం.

గుడిలో, తెరమీద

శివాలయాల్లో నాయనార్ల వరసలో విల్లు, అమ్ములు, చెప్పులతో కనిపించే విగ్రహం కన్నప్పదే. లింగం మీద కాలు ఆనించి, బాణంతో కన్ను పెకలిస్తున్న భంగిమ శిల్పులకు ఎక్కువ ఇష్టం. తమిళ శైవులు తై మాసంలో మృగశిర నక్షత్రం రోజున అతని గురుపూజ చేస్తారు. పూర్వజన్మలో అర్జునుడేనని, కిరాతుడిగా వచ్చిన శివునితో పోరాడినవాడు తానే కిరాతుడై పుట్టాడని ఒక ఐతిహ్యం.

సాలెపురుగు, పాము, ఏనుగుల పూజతో పేరు తెచ్చుకున్న శ్రీకాళహస్తి పంచభూత క్షేత్రాల్లో వాయులింగం ఉన్న చోటు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఇక్కడి మూలలింగాన్ని అర్చకులు కూడా చేత్తో తాకరు. కథలో ఒక బోయవాడు చెప్పుకాలు ఆనించిన లింగం ఇదే. గుడి రెండింటినీ నిలుపుకుంది, ఒకదాని కోసం ఇంకొకటి చెరిపేయలేదు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం స్వామికి కాదు. గుడి పక్కనున్న కొండ మీద కన్నప్పకు జరుగుతుంది. ఆ తర్వాతే స్వామివారి ధ్వజస్తంభం మీద జెండా ఎగురుతుంది.

సినిమాల్లో 1954లో కన్నడ ‘బేడర కన్నప్ప’తో రాజ్‌కుమార్ కథానాయకుడయ్యాడు, అదే ఏడు తెలుగులో ‘కాళహస్తి మహాత్మ్యం’లోనూ ఆయనే నటించాడు. 1976లో బాపు దర్శకత్వంలో కృష్ణంరాజు నటించిన ‘భక్త కన్నప్ప’ బాగా ఆడింది. 2025లో మంచు విష్ణు ‘కన్నప్ప’ వచ్చింది. 1976 సినిమాలో తిన్నడు మొదట దేవుణ్ణి నమ్మని నాస్తికుడు. తెరకు ఆ మలుపు పనికొచ్చి ఉండొచ్చు, పాత కథల్లో మాత్రం అది లేదు. సేక్కిళార్ తిన్నడు ఏనాడూ దేవుణ్ణి కాదనలేదు.

శ్రీకాళహస్తికి వచ్చేవారిలో ఎక్కువమంది రాహుకేతు పూజ చేయించుకుని బస్సెక్కేస్తారు. వెళ్లినప్పుడు ఓ గంట మిగుల్చుకుని, పక్కనే ఉన్న కన్నప్ప కొండ కూడా ఎక్కి రండి.