కూరగాయల బండిలో బ్యాంకు



ముప్పదియేండ్లకు పైగా నేను బడిపిల్లలకు వడ్డీలెక్కలు చెప్పితిని. అసలు, రేటు, కాలము తెలిసినచో వడ్డీ తెలియును. అప్పు తీసికొనువాడెవడో, వాని మొగమెట్టిదో ఆ లెక్కకు పనిలేదు. ఆ మొగమునే తొలి లెక్కగా పెట్టుకొని వ్యాపారము సాగించిన బ్యాంకరొకడు అమెరికా దేశమున నుండెను. అతని పేరు అమెడియో పీటర్ జియానీని. అతని చరిత్రమును గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

అమెరికా బ్యాంకర్లనగానే న్యూయార్కు నగరమున కూర్చుండి రైలుమార్గములను, ఉక్కు కర్మాగారములను శాసించిన జే. పి. మోర్గన్ వంటివారు స్ఫురింతురు. జియానీని ఆ కోవలోనివాడు కాడు. ఇటలీనుండి వలసవచ్చిన దంపతులకు 1870లో కాలిఫోర్నియాలోని సాన్ హోసే పట్టణమున జన్మించెను. ఆరేడేండ్ల ప్రాయముననే తండ్రి పోయెను. కూలిడబ్బును గూర్చి తగవుపడి పనివాడొకడు ఆయనను తుపాకితో కాల్చిచంపెను. ఆ తగవు ఒక్క డాలరు కొరకేయని చెప్పుదురు.

తల్లి లొరెంజో స్కటేనా అను బండివానిని మరల పెండ్లాడెను. కుటుంబము సాన్ ఫ్రాన్సిస్కో చేరిన పిదప స్కటేనా పండ్లు, కూరగాయలు కమీషనుమీద అమ్మిపెట్టు మండీ తెరచెను. బాలుడు తెల్లవారకమునుపే రేవునకు పోయి, పడవలలో వచ్చిన సరకు బేరమాడి, అటుపిమ్మట బడికి పోవుచుండెను. నా యెదుట కూర్చుండి కునికిపాట్లు పడిన పిల్లలలో నిట్టివారెందరుండిరో యని యిప్పుడు తోచుచున్నది. పదునాలుగైదేండ్లకే చదువు చాలించి, పొలములవెంట తిరిగి రైతులయొద్ద పంట కొనుచు, ఎవడు మాట నిలుపుకొనునో, ఎవడు జారుకొనునో కనిపెట్టు విద్య నేర్చెను. 1901లో, ముప్పదియొకటవ యేట, తన వాటాను మండీ ఉద్యోగులకే అమ్మివేసెను.

మరుసటి యేడు మామగారు మరణింపగా, ఆయనకు వాటా గల యొక చిన్న బ్యాంకులో అల్లుడు డైరెక్టరయ్యెను. ఆ బ్యాంకు ఇటాలియనులు క్రిక్కిరిసి వసించు నార్త్ బీచ్ పేటలోనిదే. అయినను ఆ పేటలోని చేపలమ్మువారికి, రొట్టెలు కాల్చువారికి, బండ్లు తోలువారికి అది చిల్లర అప్పులీయదు. పెద్ద అప్పునకును చిన్న అప్పునకును వ్రాతకోతల శ్రమ యొక్కటియే గదా, చిన్నదానివలన లాభమేమని తక్కిన డైరెక్టర్ల వాదము. జియానీని విసిగి బయటికి వచ్చి, 1904 అక్టోబరు 17వ తేదీన, మునుపు సారాయంగడిగా నుండిన కట్టడమున 'బ్యాంక్ ఆఫ్ ఇటలీ'ని తెరచెను. మొదటినాటి డిపాజిట్లు 8,780 డాలర్లు. పరుపులక్రింద దాచిన నాణెములను బయటికి తీయించుటకై అతడే వీధులు తిరిగి, బ్యాంకనగానేమో జనులకు వివరించుచుండెను. బ్యాంకరు గిరాకికై ఇంటింటికి తిరుగుట నాటి పెద్దలకు మర్యాదగా తోపలేదు.

1906 ఏప్రిలు 18, ఉదయము 5 గంటల 12 నిమిషములకు నగరమును భూకంపము కూల్చెను. జియానీని ఇల్లు పదునేడు మైళ్ల దూరమున సాన్ మటేయోలో నుండెను. కొంత రైలుమీదను, తక్కినది కాలినడకను, మధ్యాహ్నమునకు బ్యాంకు చేరెను. గుమాస్తాలు యథావిధిగా తలుపులు తెరచి కూర్చుండిరి! కట్టడము నిలిచియున్నది గాని మంటలు సమీపించుచున్నవి. మండీ బండ్లు రెండు రప్పించి, సుమారు 80,000 డాలర్ల ధనమును సంచులతో అడుగున వేసి, పైని నారింజపండ్ల పెట్టెలు పేర్చెను. దొంగల భయముచే చీకటిపడువరకు ఆగి, రాత్రివేళ ప్రయాణముచేసి, ఇంటి పొయ్యిలోని బూడిదగుంటలో దానిని దాచెను. ఆ డబ్బు చాలదినములు నారింజవాసన వేయుచుండెనట.

నగరపు నడిబొడ్డు దగ్ధమయ్యెను. తక్కిన బ్యాంకుల ఇనుపగదులు కాగియుండెను. తొందరపడి తలుపు తీసినచో గాలి సోకి లోని కాగితములు భగ్గుమనును. కావున వారములకొలది వేచియుండవలసివచ్చెను. జియానీని మాత్రము రేవువద్ద రెండు పీపాలపై బల్లచెక్క వేసికొని, ధనపుసంచితో కూర్చుండెను. తాకట్టు పెట్టుటకు ఎవరియొద్దను ఏమియు లేదు. ఇల్లు కట్టుకొనుటకు ఇంత కావలెనని వచ్చినవానితో, సగము నేనిచ్చెదను, తక్కిన సగము నీవు తెచ్చుకొమ్మనుచుండెను. ఇది పిసినిగొట్టుతనము కాదు. వారిలో పలువురు బంగారము దాచుకొనిరని అతడెరుగును. ఆ దాపుడు ధనము వెలికివచ్చుటకే ఈ సగము ఎర. ఆ అప్పులన్నియు తీరెనని అతడు తరువాత చెప్పుకొనెను.

1907 అక్టోబరులో దేశమంతట బ్యాంకులు తడబడగా, ముందే బంగారము కూడబెట్టియుండిన అతడు అడిగినవారికి బంగారమే చెల్లించెను. 1909లో సాన్ హోసేలో శాఖ తెరచెను. అక్కడక్కడి చిన్న బ్యాంకులను కొని, ఆయా జనుల భాషలెరిగిన ఉద్యోగులను నియమించుచు రాష్ట్రమంతయు వ్యాపించెను. 1930లో అది 'బ్యాంక్ ఆఫ్ అమెరికా' యను పేరు ధరించెను.

ఇచట నేను వట్టి స్తోత్రపాఠము చేయజాలను. బల్లచెక్కయొద్ద కూర్చున్నవాడు మొగమెరుగును; వందల శాఖలు గలవాడు పద్దునే యెరుగును. 1930 తరువాత పంటల ధరలు పడిపోగా, బాకీలు తీర్పలేని రైతుల భూములు వేలకొలది ఎకరములు బ్యాంకు పరమయ్యెను. వానిని నడుపుటకై ప్రత్యేకముగ ఒక కంపెనీయే యుండెను. తండ్రిని ఒక్క డాలరుకై పోగొట్టుకొనినవాని బ్యాంకు అది!

ఆ కాలముననే అతని కొలువు అతనికే యెదురుతిరిగెను. బ్యాంకుపై పెత్తనము గల ట్రాన్సమెరికా కంపెనీని అతడు నమ్మి ఎలైషా వాకర్ అను న్యూయార్కు పెద్దకు అప్పగింపగా, ఆయన బ్యాంకును ముక్కలుగా అమ్మజూచెను. అరువదియేండ్లు దాటిన జియానీని జబ్బుమంచము విడిచి, ఊరూర సభలు పెట్టి చిన్న వాటాదారుల ఓట్లు కూడగట్టి, 1932 ఫిబ్రవరిలో గెలిచెను. నాడు అతనికి తోడైనవారు ఆ చేపలవారు, రైతులే. ఆ యేటనే గోల్డెన్ గేట్ వంతెన ఋణపత్రములు కొనుటకు అంగీకరించెను. 1945 నాటికి ఆ బ్యాంకు ప్రపంచమున కెల్ల పెద్దదయ్యెను. 1948లో ట్రాన్సమెరికాపై గుత్తాధిపత్య నేరము మోపబడెను. 1953లో న్యాయస్థానము దానిని కొట్టివేసెను గాని అది చూచుటకు అతడు లేడు.

లాభములో తనకు రావలసిన 15 లక్షల డాలర్లను అతడు 1928లో వ్యవసాయార్థశాస్త్ర పరిశోధనకై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు ఇప్పించెను. మిక్కిలి ధనవంతుడనగుదునేమోయని అతనికి భయమట! 1949 జూన్ 3న మరణించునప్పటికి బ్యాంకు ఆస్తి 600 కోట్ల డాలర్లకు పైబడియుండగా, అతడు విడిచిపోయినది 5 లక్షలకు లోపు.